ఆసుపత్రి గడప నుండి తరగతిగదికి

మలకపేట దాటి తూర్పునకు సాగు విజయవాడ రాజమార్గము మీద, ఫ్రెంచి సేనాని రేమండు పేర వెలసిన మూసారాంబాగు మొదలుకొని లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన ఎల్.బి.నగరు కూడలి వరకు, నేడు మెట్రో రైలులో పది నిమిషములకు మించని ప్రయాణము. ఈ కొద్దిపాటి దూరములో అనాథబాలురకు నిలయమైన నిజాము కాలపు భవన మొకటి, బాంబులు ప్రేలి జనము మడిసిన బస్సుస్టాపు ఒకటి, మృతుని గుండెను బ్రతుకవలసినవానికి చేర్చుటకై రైలెక్కించిన స్టేషను ఒకటి, పండ్లమార్కెట్టు తరలిపోయిన చోట కొత్తగా తలపెట్టిన పెద్దాసుపత్రి ఒకటి, వీని నడుమ ఊరూరినుండి వచ్చి చేరిన విద్యార్థుల హాస్టళ్లును కోచింగు సెంటర్లును ఇమిడియున్నవి. మనుష్యప్రాణమును గూర్చి కతోలిక సంఘము చేయు బోధను విద్యార్థులకు పుస్తకమాత్రమున గాక అనుభవపూర్వకముగా నేర్పవలెనను యత్నము నేడు పలుదేశముల కళాశాలలలో పాఠ్యక్రమముగా రూపు దాల్చుచున్నది. అట్టి పాఠ్యక్రమమునకు తెలుగునాట తరగతిగది వెదకవలసి వచ్చినచో నేనీ మార్గమునే చూపుదును. కాని ఆ బోధ మన దేశమునకు వచ్చిన త్రోవ మాత్రము ఇది గాదు. అది గుంటూరు మీదుగా వచ్చినది, తరగతిగదిలో గాక ఆసుపత్రి గడపమీద మొదలైనది.

హైదరాబాదు కతోలికులకు 1851లో ప్రత్యేక పరిపాలన యేర్పడినది. ఐర్లండు దేశీయుడైన డేనియల్ మర్ఫీ దానికి ప్రథమాధిపతి. 1855లో మిలాను నగరమునుండి ఇటలీ గురువులు వచ్చి చేరిరి. ఆల్ సెయింట్సు పాఠశాల ఆ సంవత్సరముననే పుట్టినది. ఆపైని గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ దేవాలయము లేచినది. రాజధానిలో ఈ గురువులకును, తరువాత వచ్చిన కన్యస్త్రీలకును మంచి పేరు తెచ్చినవి పాఠశాలలు. ఆ పాఠశాలలలో స్థిరపడిన ఆచార మొకటి తరతరముల విద్యార్థులకు సుపరిచితము: గంట కొట్టగానే కతోలిక బాలబాలికలు లేచి సత్యోపదేశపు తరగతికి పోవుదురు, తక్కినవారు కూర్చున్నచోటనే యుండి 'మోరల్ సైన్సు' పుస్తకము తెరతురు. ఇరువురును వల్లె వేయుదురు, పరీక్ష వ్రాయుదురు, మార్కులు పొందుదురు. హత్య చేయరాదను దైవాజ్ఞ ఒకరికి అయిదవ ఆజ్ఞగా వచ్చును, మరియొకరికి భూతదయయను పాఠముగా వచ్చును. ఏ ప్రాణము ఎక్కడ ఎట్లు పోవుచున్నదో చూచివచ్చు పని మాత్రము ఇరువురికిని లేదు. ఈ ఆచారమును నిందించుట నా యుద్దేశము గాదు. బడిలో కూర్చుండబెట్టి నేర్పుట సులభము, బయటికి తీసికొనిపోయి చూపుట కష్టము, సులభమైనది నిలిచినది.

గుంటూరులో జరిగిన కథ వేరు. అక్కడ స్త్రీలకు ఆధునిక వైద్యమును అందించిన మొదటి యశస్సు లూథరన్ మిషనుకు చెందిన అమెరికా వైద్యురాలు ఆనా కుగ్లరుది. ఆమె 1883లో వచ్చినది, 1898 నాటికి ఆసుపత్రి నెలకొల్పినది, 1930లో గతించువరకు ఆ యూరినే తన యూరుగా జేసికొన్నది. పురుషవైద్యుని యెదుటికి వచ్చుటకంటె పురిటిగదిలో ప్రాణము విడుచుటయే మేలని తలంచు కుటుంబములకు ఆనాడు కొదువలేదు. 1904లో హాలెండు దేశమునుండి ఆ పట్టణమునకే వచ్చిన జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సభ కన్యస్త్రీలు ఈ దుఃస్థితిని కన్నులార చూచుచుండిరి గాని, వారి చేతులు కట్టుబడియుండెను. ఏలయన, సన్యాసవ్రతము గైకొన్నవారు వైద్యము గాని శస్త్రచికిత్స గాని వృత్తిగా చేయరాదు, ప్రసూతివైద్యము అసలే కూడదు అని రోము నగరపు నిబంధన. రోగికి గంజి పోయవచ్చును, ప్రక్కను కూర్చుండి ప్రార్థింపవచ్చును. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు మాత్రము చేయి వేయరాదు. ప్రాణము పవిత్రమని బోధించు సంఘమే ప్రాణము నిలుపగల చేతులను ఇట్లు ఆపియుంచిన ఈ వైపరీత్యము, కతోలిక బోధను చదువు విద్యార్థి మొట్టమొదట తెలిసికొనదగిన సంగతి యని నా యభిప్రాయము.

ఈ నిబంధనను సడలింపుమని రోమునకు పలుమారులు మొరపెట్టుకొన్నది ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు వైద్యురాలు. ఆమె వార్ధకమున రావలపిండిలో స్త్రీలకొక ఆసుపత్రి పెట్టించి, తన మొర ఫలింపకయే 1913లో కన్ను మూసెను. ఆమె చరితమును దెలుపు చిన్న కరపుస్తక మొకటి 1915లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను నగరమున మేరీ గ్లౌరీ యను యువవైద్యురాలి చేతబడినది. 1887లో విక్టోరియా రాష్ట్రమున బిర్రెగర్రా యను పల్లెలో పుట్టి, 1910లో వైద్యపట్టము పుచ్చుకొని, కంటివైద్యమున మంచి పేరు దెచ్చుకొని, నగరమధ్యమున స్వంత వైద్యాలయము నడుపుకొనుచుండిన ఆమెకు జీవితమున కొఱత యేమియు లేదు. ఆ కరపుస్తకము చదివిన తరువాత మాత్రము ఆమె మనస్సు హిందూదేశము మీదికి పోయినది. 1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్రవైద్యములలో ఎం.డి. పట్టము సంపాదించుకొని, 1920 ఫిబ్రవరి 12వ తేదీన గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో ప్రవేశించి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అను నామము దాల్చెను. పదునైదవ బెనెడిక్టు పోపు ప్రత్యేకానుజ్ఞ యొసగుటచేత, కన్యస్త్రీయై యుండియు వైద్యవృత్తి నవలంబింపగలిగిన వారిలో ఆమె తొలివారు.

డిస్పెన్సరీగా మొదలైన ఆ పని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగినది. కాని ఆమె వైద్యముకంటె ఆమె శిక్షణయే మన ప్రస్తుతవిషయమునకు దగ్గరి సంగతి. ఒక్క వైద్యురాలు ఎంత శ్రమపడినను ఎందరిని చూడగలదు? అందుచేత ఆమె తెలుగు బాలికలను కూడదీసి నర్సులుగను, కాంపౌండర్లుగను, మంత్రసానులుగను తయారు చేసెను. ఔన్సు గ్లాసులో మందు కొలుచుట, కత్తెర మరగబెట్టుట, బొడ్డు కోయుటకు ముందు చేతులు కడుగుకొనుట, నాడి చూచి లెక్కపెట్టుట – ఇట్టి పనులను పుస్తకము చదివి నేర్చినవా రెవ్వరును లేరు; నేర్పువారి చేయి చూచుచు, తమ చేయి వేయుచు నేర్వవలసినదే. దేశీయమూలికల గుణములను గూడ ఆమె శ్రద్ధగా పరిశీలించి వాడుకలోనికి తెచ్చికొనెను. పుట్టబోవు శిశువు ప్రాణమునకు తల్లి ప్రాణముతో సమానమైన విలువ గలదను మాట ఆ బాలికలకు సిద్ధాంతవాక్యముగా చేరకమునుపే నిత్యకృత్యముగా చేరియుండవలెను. రాత్రివేళ పురుడు పోసి వచ్చిన పిల్లకు ప్రాణధర్మము మీద ప్రత్యేకముగ ఉపన్యాస మెందులకు?

అటుపై పదునాఱేండ్లకు, 1936 ఫిబ్రవరిలో, కన్యస్త్రీలు ప్రసూతివైద్యము చేయుటకు రోము సామాన్యానుమతి నొసగినది. రావలపిండిలో పనిచేసి వచ్చిన ఆనా డెంగెల్ అను వైద్యురాలు 1925లో స్థాపించిన వైద్యమిషను సంఘమువంటి వాని ప్రయత్నమును, గుంటూరువంటి చోట్ల ప్రత్యక్షమైన ఫలితమును దీనికి దోహదములు. పై నుండి ఆజ్ఞ వచ్చి క్రింద పని మొదలగుట లోకరీతి. ఇక్కడ క్రింద పని జరుగుచుండగా పై నుండి ఆజ్ఞ దిగివచ్చినది. 1943 జూలై 29వ తేదీన సిస్టర్ గ్లౌరీయు మరి పదునైదుగురు కన్యస్త్రీలును గుంటూరున సమావేశమై దేశములోని కతోలిక ఆసుపత్రుల సంఘమును నెలకొల్పిరి. యుద్ధకాలము, మందులు దొరకని కాలము, రైళ్లు సకాలమునకు రాని కాలము. అట్టి సమయమున పదునాఱుగురు స్త్రీలు అఖిలభారత సంస్థ నొకదానిని సంకల్పించుట సామాన్యసాహసము గాదు. ఆ సంస్థ కార్యాలయము 1986లో సికింద్రాబాదు చేరినది. అప్పటినుండి దేశమందలి వేలకొలది కతోలిక వైద్యశాలలకు, డిస్పెన్సరీలకు మన జంటనగరములే కేంద్రము. కతోలిక వైద్యకళాశాల యొకటి వెలయవలెనని సిస్టర్ గ్లౌరీ కన్న కల 1963లో బెంగుళూరున సెయింట్ జాన్స్ వైద్యకళాశాలగా నెరవేరినది గాని, దానిని చూచుట కామె లేదు. 1957 మే 5వ తేదీన బెంగుళూరుననే పరమపదించెను.

విద్యార్థులను బయటికి తీసికొనిపోవు పద్ధతి కళాశాలలకు వచ్చినది మరియొక త్రోవను. బెల్జియము దేశపు గురువు జోసెఫ్ కార్డైను కార్మికయువకుల కొఱకు కనిపెట్టిన మూడు మెట్ల పద్ధతి – చూడుము, విచారింపుము, పూనుకొనుము – 1961లో ఇరువదిమూడవ జాన్ పోపు లేఖలో స్థానము సంపాదించినది. మన దేశమున 1924లో పుట్టిన కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థి సమాఖ్య, చిరకాలము భక్తిసభలును వక్తృత్వపోటీలును జరుపుకొనుచుండి, 1970లో మద్రాసు చెంత పూనమల్లిలో సమావేశమై, అన్యాయసమాజమును మార్చుట విద్యార్థుల కర్తవ్యమని ప్రకటించుకొన్నది. ఆనాటినుండి సెలవులలో పల్లెలకు, మురికివాడలకు పోయి కొన్నాళ్లు ప్రజలతో కలిసి బ్రతికివచ్చుట ఒక శిక్షణగా చెల్లినది. మన మార్గములోని దిల్‌సుఖ్‌నగరునకు ఉత్తరపు దిక్కున, రామంతాపురమునగల సెయింట్ జాన్స్ గురువిద్యాలయమువంటి చోట్ల గురుత్వమునకు చదువు యువకులకును వారాంతసేవ, ఏడాదిపాటు విచారణలలో (పారిష్‌లలో) పనిచేయు అభ్యాసము చదువులోని భాగములు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన తరువాత శవముల నెత్తి పూడ్చుటకు పోయిన యువకులకు మనుష్యదేహగౌరవమును గూర్చి ఏ యాచార్యుడును అంతకుమించి చెప్పగలిగినది లేదు.

చిత్రమేమనగా, అనుభవము ఇట్లు విస్తరించుచున్న కాలముననే బోధ యొక్క చర్చ సంకుచితమగుచు వచ్చినది. 1968 జూలైలో ఆఱవ పాల్ పోపు కృత్రిమ సంతాననిరోధమును నిషేధించుచు లేఖ వెలువరించెను. మన పార్లమెంటు 1971లో గర్భవిచ్ఛిత్తి శాసనము చేసి 1972 ఏప్రిలు 1 నుండి అమలుపరచెను. కుటుంబనియంత్రణ ఎఱ్ఱత్రికోణము ప్రతిగోడమీద వెలసిన దినములవి. సహజముగనే ఉపన్యాసములన్నియు గర్భము చుట్టును తిరుగజొచ్చినవి. 1983లో షికాగో కార్డినలు బెర్నార్డిను, గర్భస్థశిశువును గూర్చి మాటలాడువారు యుద్ధమును, ఉరిశిక్షను, దారిద్ర్యమును గూర్చి మౌనము వహింపరాదని, ప్రాణమును గూర్చిన నీతి ఆద్యంతము ఒక్కటిగా నుండవలెనని వాదించి పెద్ద చర్చ లేవదీసెను. 1995 మార్చిలో రెండవ జాన్ పాల్ పోపు ప్రాణసువార్తయను లేఖలో భ్రూణహత్యను, కారుణ్యమరణమును ఖండించుచు, మరణదండన అవసరమగు సందర్భములు నేటికాలమున మిక్కిలి యరుదని చేర్చెను. అమెరికాలో ఆచార్యులు వాదోపవాదములతో చేరుకొన్న ఈ సమగ్రతను గుంటూరు డిస్పెన్సరీ, పేరు పెట్టకయే, అరువదేండ్లకు ముందే ఆచరించినదని నేననుటలో పక్షపాత మున్నదేమో, అయినను అనుచున్నాను.

ఇక మన మార్గమునకు వత్తము. చైతన్యపురి దాటగానే వచ్చు స్టేషనుకు విక్టోరియా మెమోరియల్ అని పేరు; 2018 సెప్టెంబరు 24న అమీరుపేట నుండి ఎల్.బి.నగరు వరకు రైలు నడచినప్పుడు ఆ పేరు మరల పదిమంది నోళ్లలో బడినది. సరూర్‌నగరున ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను తనకై కట్టుకొన్న సౌధమును విక్టోరియా రాణి స్మారకముగా అనాథశరణాలయమునకు విడిచెను. 1905 నాటి మాట. ముసల్మాను ప్రభువు, క్రైస్తవరాణి పేర, ఏ కులమువారో యెవరికిని తెలియని పిల్లలకు ఇల్లిచ్చెను. కతోలిక బోధను చదువ వచ్చిన విద్యార్థి తన మతసంస్థలను మాత్రమే చూచి పోక ఈ ప్రాంగణమున నడచి చూడవలెను. అనాథరక్షణ ఏ యొక మతము సొత్తును గాదని నిరూపించుటకు ఇంతకంటె ప్రబలనిదర్శన మక్కఱలేదు.

ఎల్.బి.నగరు కూడలిలో మార్గము చీలును. సూటిగా పోయినది విజయవాడకు. కుడి తట్టు తిరిగినది నాగార్జునసాగరుకు, ఆ త్రోవనే దేవరకొండ తండాలకు. 1999–2001 నడుమ ఆ తండాలలో పుట్టిన లంబాడా ఆడశిశువులను కొద్దిపాటి సొమ్మునకు కొని, హైదరాబాదులోని దత్తతకేంద్రముల ద్వారా విదేశములకు పంపిన ఉదంతములు వెల్లడియై దేశమంతట గగ్గోలు పుట్టినది. పేదతల్లికి మూడవ ఆడపిల్ల భారము. మధ్యవర్తికి ఆ పిల్ల సరకు. దూరదేశమున బిడ్డలు లేని దంపతులకు ఆమె దేవుడిచ్చిన వరము. ఇందులో ఎవరి పాపమెంత? గర్భములో చంపలేదు గదా యని సంతోషించి ఊరకుండువారికి ఈ ప్రశ్న వేయవలెను. దారిద్ర్యమును, వరకట్నమును విడిచి ప్రాణమును గూర్చి మాటలాడుట తండాలో చెల్లదు.

సంతోషించి చెప్పుకొనదగిన ఘట్టము గూడ ఈ కూడలికున్నది. 2025 జనవరి 17వ తేదీ రాత్రి ఎల్.బి.నగరునందలి ఆసుపత్రి నుండి దాతయొక్క గుండెను మంచుపెట్టెలో భద్రపరచి, వైద్యులు చేతబట్టుకొని, మెట్రో రైలెక్కిరి. నడుమ స్టేషనులలో ఆగకుండ పరుగెత్తిన ఆ రైలు పదుమూడు స్టేషనులను, పదుమూడు కిలోమీటర్లను పదుమూడు నిమిషములలో గడచి లక్డీకాపూల్ చేరినది; అక్కడి ఆసుపత్రిలో రోగి సిద్ధముగా నుండెను. అదే మార్గమున రోడ్డుమీద పోవలసి వచ్చినచో, మలకపేట రైలువంతెన క్రింద సాయంకాలపు రద్దీ నెఱిగినవారికి ఫలితము నేను వేరుగా చెప్పనక్కఱలేదు. గుండె కొట్టుకొనుచుండగనే మనిషి మరణించెనని ఎట్లందుము? ఈ చిక్కు కతోలిక బోధలోను చిరకాలము నలిగినది. మరణక్షణమును నిర్ణయించుట వైద్యుని పని యని పండ్రెండవ పయస్ పోపు 1957లోనే చెప్పియుండెను. మెదడు సంపూర్ణముగా, మరల రానట్లు స్తంభించుట మరణలక్షణముగా గ్రహింపవచ్చునని, అవయవదానము ప్రేమకార్యమని రెండవ జాన్ పాల్ పోపు 2000 ఆగస్టు 29న వైద్యులసభలో చెప్పెను. మన పార్లమెంటు అవయవముల మార్పిడి శాసనమును 1994లోనే చేసియుండెను. ప్లాట్‌ఫారము మీద నిలుచుండి ఆ రైలు పోవుట చూచిన విద్యార్థికి ఈ మూడు తేదీలు పరీక్షకై కంఠస్థము చేయనవసరము లేదు.

హాస్టలు గదుల మాట చెప్పుటకు నా కలము వెనుదీయుచున్నది, కాని తప్పదు. దిల్‌సుఖ్‌నగరు సందులలో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు పిల్లలు పోటీపరీక్షలకై కన్నులు కాయలు గాచునట్లు చదువుచుందురు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన తరువాత తెలంగాణములో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రము ఆత్మహత్య చేసికొన్నవారికి క్రైస్తవసమాధిని నిరాకరించెడిది. 1983 నాటి శాస్త్రమున ఆ విధి లేదు, శవమునకు ప్రార్థన నిరాకరింపరు. శాస్త్రము మెత్తబడినది, ఇండ్లలోని మాటలు ఇంకను మెత్తబడవలసియున్నవి.

అన్నిటికంటె కఠినమైన పాఠము దిల్‌సుఖ్‌నగరు బస్సుస్టాపు చెంత నున్నది. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము, ఉద్యోగులు ఇండ్లకు మరలువేళ, సినిమాహాలులచెంత సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు కొద్ది నిమిషముల యెడముతో ప్రేలినవి. ఒకటి బస్సుస్టాపు వద్ద, మరొకటి మిర్చిబజ్జీల దుకాణము వద్ద. పదునైదుగురికి మించి మరణించిరి, నూరుమందికి మించి గాయపడిరి. చదువుకై వచ్చిన పిల్లలు వారిలో గలరు. 2016 డిసెంబరులో ప్రత్యేకన్యాయస్థానము అయిదుగురికి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలు 8వ తేదీన తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువపరచెను. ఈ రెండు తీర్పుల నడుమ, 2018 ఆగస్టులో, ఫ్రాన్సిస్ పోపు సత్యోపదేశగ్రంథమున 2267వ పేరాను మార్పించి మరణదండన ఎట్టి పరిస్థితిలోను అంగీకరింపదగినది గాదని వ్రాయించెను. భ్రూణహత్యను ఖండించు పేరాను చదివించుట ఉపాధ్యాయునికి సులభము, వినువారు తలలూపుదురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి నివసించు వీధిలో ఈ పేరాను చదివించుట సులభము గాదు, తలలూపువారును తక్కువ. అయినను అనుభవపూర్వకవిద్య యనునది ఎక్కడనైన తన పేరు నిలుపుకొనవలసివచ్చినచో ఇచ్చటనే నిలుపుకొనవలెను. ఇచ్చట చదివింపక విడిచినచో తక్కిన పాఠములు విహారయాత్రలు.

చదివించునప్పుడు సంఘము తన చరిత్రను గూడ దాచరాదు. పోపులు రాజ్యమేలిన కాలమున రోములో తలారులకు జీతములు వారి బొక్కసము నుండియే ముట్టుచుండెడివి. మాస్త్రో తిత్తా యను మారుపేరుతో ప్రసిద్ధుడైన జొవాన్ని బత్తిస్తా బుగాత్తి 1796 మొదలు 1864 వరకు వారి కొలువులో అయిదువందల పదునాఱుగురికి శిక్ష అమలు చేసెను. 1929లో ఏర్పడిన వాటికను నగరరాజ్యపు శాసనములో సైతము, పోపును చంపబూనినవానికి మరణదండన విధించు నిబంధన 1969 వరకు నిలిచియుండెను. 1992 నాటి సత్యోపదేశగ్రంథము గూడ మిక్కిలి తీవ్రమైన నేరములకు ఆ శిక్షను ఒప్పుకొనినదే. ఇవన్నియు విద్యార్థికి ముందుగా చెప్పి, ప్రశ్నలడుగనిచ్చి, ఆ తరువాతనే 2018 నాటి పేరాను అతని చేతికీయవలెను.